గయానా గురించి మీరడిగినవి

కిందటి సంచికలో వెస్టిండీస్ క్రికెట్ గురించి రాస్తూ రోహన్ కన్హాయ్, బేసిల్ బుచర్, జో సాలమన్, ఆల్విన్ కాళీచరణ్ నలుగురూ ఒకే చెరుకుతోట ఊరివాళ్ళనీ, ఆ ఊరి పేరు పోర్ట్ మౌరంట్ అనీ, అది దక్షిణ అమెరికాలోని గయానాలో ఉందనీ ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం గయానాకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: గయానా, ఘనా, గినీ, ఫ్రెంచ్ గయానా... ఇవన్నీ వేరువేరు దేశాలా?

వేరువేరే. ఘనా, గినీ ఆఫ్రికాలో ఉన్నాయి, వాటిని పక్కన పెట్టేయండి. దక్షిణ అమెరికా మ్యాప్‌లో ఈశాన్యపు అంచున, వెనెజ్వేలాకీ బ్రెజిల్‌కీ మధ్య మూడు చిన్న ముక్కలు కనిపిస్తాయి. పడమటి నుంచి మొదటిది గయానా, ఒకప్పటి బ్రిటిష్ గయానా. రెండోది డచ్చివాళ్ళు ఏలిన సూరినామ్, 1975లో స్వతంత్రమైంది. మూడోది ఫ్రెంచ్ గయానా, అది ఇప్పటికీ ఫ్రాన్స్‌లో భాగమే, అక్కడ యూరోలు చెల్లుతాయి. మనం మాట్లాడుకునేది మొదటిదాని గురించి. విస్తీర్ణం సుమారు 2 లక్షల 15 వేల చదరపు కిలోమీటర్లు, జనాభా 8 లక్షల పైచిలుకు ఉంటుంది. ఆ ఖండంలో ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న స్వతంత్ర దేశం ఇదొక్కటే. ఇంట్లోనూ వీధిలోనూ మాట్లాడేది మాత్రం క్రియోలీజ్ అనే తమ సొంత భాష.

ప్రశ్న: తీరప్రాంత దేశం కదా, ఫోటోల్లో నీలి సముద్రం, ఇసుక బీచ్‌లు ఎందుకు కనబడవు? ఊళ్ళు సముద్రం కంటే కిందుంటాయని విన్నాను, నిజమేనా?

ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే, బురద. అమెజాన్ నది సముద్రంలో కలిపే ఒండ్రును సముద్ర ప్రవాహం తీరం వెంబడి వాయవ్యంగా మోసుకొస్తుంది, అందుకే రాజధాని జార్జ్‌టౌన్ దగ్గర నిలబడి చూస్తే నీళ్ళు గోధుమ రంగులో ఉంటాయి. ఆ ఒండ్రు పేరుకునే తీరమైదానం తయారైంది. మంచి సారమున్న నేలే, కాకపోతే సముద్రం పోటు మీదున్నప్పుడు నీటిమట్టం నేలకంటే ఎత్తులో ఉంటుంది. అలాంటి చోట మనుషులు ఊళ్ళు కట్టుకున్నారు, రాజధాని కట్టారు, జనాభాలో పదింట తొమ్మిది వంతులు ఆ సన్నటి పట్టీ మీదే బతుకుతున్నారు. గయానా గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలం అంటే ఇది పెట్టుకోండి: అక్కడి చరిత్ర, జనాలు, గొడవలు అన్నీ ఈ బురదలోంచే వచ్చాయి.

మొదట డచ్చివాళ్ళు నదుల వెంట లోపలికి వెళ్ళి తోటలు వేశారు. 18వ శతాబ్దంలో తీరానికి దిగివచ్చారు, సొంత దేశంలో సముద్రం నుంచి నేలను లాక్కున్న అనుభవం వాళ్ళకి ఉంది కదా. ఏర్పాటు ఇలా ఉంటుంది. ముందువైపు సముద్రాన్ని ఆపే కరకట్ట, వెనకవైపు అడవి నుంచి వచ్చే చిత్తడినీటిని ఆపే ఇంకో కట్ట, మధ్యలో పొడుగాటి చేలు, చేల మధ్య కాలువలు, కాలువ సముద్రంలో కలిసేచోట తూము. ఆ తూమును అక్కడ కోకర్ అంటారు. ఆటు సమయంలో తలుపు ఎత్తితే వాననీళ్ళు సముద్రంలోకి పోతాయి, పోటు వచ్చేలోపు దించెయ్యాలి, లేకపోతే సముద్రం ఊళ్ళోకొస్తుంది. దీనికోసం ప్రతి కోకర్ దగ్గరా ఒక మనిషి ఉంటాడు, గడియారం కంటే ఆటుపోట్లే అతని డ్యూటీ టైము.

ప్లాన్ డచ్చివాళ్ళదే, తవ్వింది మాత్రం ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు. గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ ఈ లెక్కను కళ్ళకు కట్టారు. 1948లో చక్కెర పరిశ్రమ మీద వేసిన వెన్ కమిషన్ ప్రకారం ఒక చదరపు మైలు చెరుకుతోటకి 49 మైళ్ళ మురుగు కాలువలు, ఇంకో 16 మైళ్ళ నీటి కాలువలు ఉన్నాయట. దాన్నిబట్టి చూస్తే ఈ తోటలు తయారవడానికి కనీసం 10 కోట్ల టన్నుల నానిన బంకమట్టిని మనుషులు పారలతో ఎత్తిపోసి ఉండాలని రాడ్నీ లెక్కకట్టారు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, కొరడా కింద. ఆ అంకె చదివాక ఆ కాలువల ఫోటోలు నేను ఇదివరకటి కళ్ళతో చూడలేకపోయాను.

ఇప్పుడూ ప్రమాదం పోలేదు. 2005 జనవరిలో కుండపోత వానలు పడి తీరమంతా మునిగితే జనాభాలో సుమారు మూడో వంతు మంది దాని దెబ్బ తిన్నారు.

ప్రశ్న: అక్కడ అంతమంది భారతీయ సంతతివాళ్ళు ఉండటానికి కారణం? వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారా?

ముందు వాళ్ళకంటే పాతవాళ్ళ గురించి చెప్పాలి. లోకోనో, వర్రావ్, కరీబ్, అకవాయో, పటమోనా, అరెకునా, మకూషి, వపిషానా, వైవై అనే తొమ్మిది ఆదివాసీ జాతులవాళ్ళు ఆ నేల అసలు మనుషులు. తర్వాత ఆఫ్రికన్లు. వాళ్ళు ఊరికే లొంగిపోయి పడి ఉండలేదు. 1763లో బెర్బీస్ అనే ప్రాంతంలో కఫీ అనే నాయకుడి కింద తిరగబడి ఏడాది పాటు పెద్ద ప్రాంతాన్ని తమ చేతిలో పెట్టుకున్నారు. ఆ తిరుగుబాటు మొదలైన ఫిబ్రవరి 23నే ఇవాళ గయానా రిపబ్లిక్ డే. 1823లో, అప్పటికి బ్రిటిష్‌వాళ్ళ చేతికొచ్చిన డెమరారా ప్రాంతంలో ఇంకో పెద్ద తిరుగుబాటు వచ్చింది. అది మొదలైన తోటల్లో ఒకదాని యజమాని జాన్ గ్లాడ్‌స్టన్, తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కి తండ్రి.

ఈ జాన్ గ్లాడ్‌స్టన్ పేరు గుర్తుంచుకోండి. బానిసత్వం రద్దయి, 1838 ఆగస్టు 1న పూర్తి విముక్తి వస్తుందని తెలిసేసరికి చౌకగా పనిచేసే కూలీలు ఎక్కడ దొరుకుతారా అని కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాసింది ఇతనే. ఫలితంగా విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు 1838 మే 5న గయానా చేరాయి. దిగినవాళ్ళు 396 మంది. ఆ మొదటి అయిదేళ్ళలో వాళ్ళలో వందమందికి దగ్గరగా చనిపోయారు. కొరడా దెబ్బల సంగతి లండన్ దాకా పాకి, కూలీలను పంపడం కొన్నేళ్ళు ఆపేశారు, 1845లో మళ్ళీ మొదలుపెట్టారు. 1917 దాకా మొత్తం 2,38,909 మంది వెళ్ళారు.

వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారా అని అడిగారు. కాగితం మీద అవును, అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసే వెళ్ళారు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నాళ్ళ ప్రయాణమో, పాసు లేకుండా తోట దాటితే జైల్లో వేస్తారనీ ఎంతమందికి తెలిసి ఉంటుందో మీరే ఆలోచించండి. ఒకనాడు బానిసలు ఉన్న లోగీలు అనే పొడుగాటి కొట్టాల్లోనే వీళ్ళనీ పెట్టారు. సుమారు మూడో వంతు మంది తిరిగొచ్చేశారు, మిగతావాళ్ళు ఉండిపోయారు, కొందరు తిరుగు ప్రయాణపు హక్కు వదులుకుని తీసుకున్న నేలలో వరి వేశారు. గయానా వరిసాగు ఎదగడం చాలావరకు వీళ్ళ చలవే.

అదే కాలంలో విముక్తి పొందిన ఆఫ్రికన్లు ఏం చేశారో కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1839లో 83 మంది దాచుకున్న చిల్లర అంతా పోగుచేసి, తోపుడుబండ్లలో నాణేలు వేసుకుని వెళ్ళి, పాడుబడిన ఒక తోటను మొత్తంగా కొనేశారని చెబుతారు. దానికి విక్టోరియా అని పేరు పెట్టుకున్నారు. అలా పుట్టిన ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. మదీరా నుంచి పోర్చుగీసువాళ్ళు, చైనా నుంచి చైనీయులు కూడా కూలీలుగానే వచ్చారు.

ప్రశ్న: వాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారా?

ఉన్నారు, తెలుగు మాత్రం మిగల్లేదు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బిహార్ జిల్లాల నుంచి కలకత్తా రేవు మీదుగా వెళ్ళారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళింది సుమారు 15 వేల మందే. వాళ్ళలో తమిళులు, తెలుగువాళ్ళు కలిసి ఉన్నారు. అక్కడ అందరికీ ఒకటే పేరు, మద్రాసీలు. తోటలో ఇద్దరు తెలుగువాళ్ళు పక్కపక్కన పడితే మాట్లాడుకున్నారు, లేకపోతే భోజ్‌పురీ నేర్చుకున్నారు, వాళ్ళ మనవలు క్రియోలీజ్‌లో పెరిగారు. రామ్‌సామీ, వీరసామీ, మూన్‌సామీ లాంటి ఇంటిపేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి.

భాష పోయినా అమ్మవారు పోలేదు. మారియమ్మ పూజ, అక్కడివాళ్ళ మాటల్లో కాళీమాయీ పూజ, ఇప్పటికీ జరుగుతోంది. తప్పు అనే వాయిద్యం మోగిస్తారు, పేరు వినగానే మన తప్పెట గుర్తొస్తుంది కదా. వేపాకు ఉంటుంది, అమ్మ పూనడం ఉంటుంది, జబ్బు నయం కావాలని మొక్కుకోవడం ఉంటుంది. చాలాకాలం ఉత్తరాది పూజారులు దీన్ని తక్కువగా చూశారు, అయినా మద్రాసీలు వదల్లేదు, ఉత్తరాది కుటుంబాలవాళ్ళే కాక ఆఫ్రికన్ సంతతివాళ్ళు కూడా వస్తారు ఆ గుళ్ళకి. నన్ను అడిగితే, మనం ఇక్కడినుంచి గయానా వెళ్తే ముందు చూడవలసింది జలపాతం కాదు, ఆ గుడి.

ప్రశ్న: భారతీయులు, ఆఫ్రికన్లు కలిసే ఉంటారా? ఎన్నికలప్పుడు ఎందుకంత టెన్షన్?

2012 జనాభా లెక్కల్లో భారతీయ సంతతి దాదాపు 40 శాతం, ఆఫ్రికన్ సంతతి 29, మిశ్రమ సంతతి 20, ఆదివాసీలు పదిన్నర. ఎవరికీ పూర్తి మెజారిటీ లేదు. ఫగ్వా (అంటే మన హోలీ), దీపావళి, ఈద్, క్రిస్మస్ అన్నీ దేశమంతటికీ సెలవులే, పెళ్ళి భోజనంలో ఏడు కూరలకీ క్రిస్మస్ పొద్దున కర్రపెండలం రసంతో వండే పెప్పర్‌పాట్‌కీ జాతి భేదం లేదు. రోజువారీ బతుకులో కలిసే ఉంటారు. ఓటు దగ్గరకొచ్చేసరికే దారులు విడిపోతాయి.

మొదట్లో అలా లేదు, నాకు బాధ కలిగించేది అదే. 1948 జూన్ 16న ఎన్‌మోర్ తోటలో సమ్మె చేస్తున్న చెరుకు కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపి అయిదుగురిని చంపారు. ఆ శవయాత్రలో నడిచిన యువ డెంటిస్టు చెద్దీ జగన్, పోర్ట్ మౌరంట్ తోటలో పుట్టినవాడు, తన జీవితం ఈ జనాలకే అని నిర్ణయించుకున్నాడు. లండన్‌లో లా చదివి వచ్చిన ఆఫ్రికన్ సంతతి నాయకుడు ఫోర్బ్స్ బర్న్‌హామ్‌తో చేయి కలిపి పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీని నిలబెట్టాడు. 1953లో వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికల్లో రెండు జాతులూ కలిసి ఓటేశాయి, 24 సీట్లలో 18 ఆ పార్టీకే. 133 రోజులు గడిచాయో లేదో బ్రిటన్ కమ్యూనిస్టు భయం చూపించి సైన్యాన్ని దింపి రాజ్యాంగాన్ని సస్పెండ్ చేసింది. 1955లో ఇద్దరు నాయకులూ విడిపోయారు, జనాలూ విడిపోయారు. జగన్‌ని దించాలని అమెరికా కూడా రహస్యంగా చెయ్యి పెట్టింది, ఆ పత్రాలు తర్వాత బయటపడ్డాయి. 1962 నుంచి 64 దాకా ఇళ్ళు కాల్చుకున్నారు, పక్కపక్క ఊళ్ళు ఒకరినుంచి ఒకరు పారిపోయారు. ఆ గాయంతోనే 1966 మే 26న స్వాతంత్ర్యం వచ్చింది.

అధికారం చేతికొచ్చిన బర్న్‌హామ్ 1985లో చనిపోయేదాకా గద్దె దిగలేదు, ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందన్నది అందరికీ తెలిసిన సంగతే. 1980ల మొదట్లో విదేశీ మారకం లేక గోధుమపిండి దిగుమతినే నిషేధించారు. రోటీ రోజూ తినే ఇళ్ళలో పిండి దొంగసరుకైంది. ఆ రోజుల్లోనే లక్షలమంది న్యూయార్క్, టొరంటో దారి పట్టారు. జాతులు రెంటినీ మళ్ళీ కలపాలని తిరిగిన వాల్టర్ రాడ్నీని, పైన చెప్పిన చరిత్రకారుడినే, 1980 జూన్ 13న కార్లో బాంబు పేల్చి చంపేశారు. ఆయన వయసు 38. 1992లో నిజాయితీగా ఎన్నికలు జరిగితే జగన్ అధ్యక్షుడయ్యాడు. 2025 సెప్టెంబరులో అదే పార్టీకి చెందిన ఇర్ఫాన్ అలీ రెండోసారి గెలిచారు. ఆ ఎన్నికల్లో అంతకుముందు లేని కొత్త పార్టీ ఒకటి పాత ప్రతిపక్షాన్ని దాటి రెండో స్థానానికి వచ్చింది, జాతి లెక్కలు కొంచెమైనా సడలుతున్నాయేమోనని నాకు ఆశగా ఉంది.

ప్రశ్న: జోన్స్‌టౌన్ సామూహిక మరణాలు అక్కడే జరిగాయి కదా?

అక్కడే, 1978 నవంబరు 18న. 900 మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలే సుమారు మూడు వందల మంది. వాళ్ళు దాదాపు అందరూ అమెరికా నుంచి ఒక మతనాయకుడి వెంట వచ్చినవాళ్ళు, గయానా ప్రజలకి ఆ ఘోరంతో సంబంధం లేదు. దేశం పేరు చెబితే ప్రపంచం దీన్నే గుర్తుచేసుకోవడం అన్యాయం, అందుకే ఇంతకంటే రాయను.

ప్రశ్న: వెనెజ్వేలా ఆ దేశంలో మూడింట రెండు వంతులకు పైగా తనదే అంటోందట. దేని ఆధారంగా?

ఎస్సెక్విబో నదికి పడమటి ప్రాంతమంతా, సుమారు 1,59,500 చదరపు కిలోమీటర్లు. 1899లో పారిస్‌లో కూర్చున్న మధ్యవర్తుల మండలి ఇందులో ఎక్కువభాగం బ్రిటిష్ గయానాకి ఇచ్చింది, వెనెజ్వేలా అప్పట్లో ఒప్పుకుంది. వెనెజ్వేలా తరఫున పనిచేసిన ఒక అమెరికన్ లాయరు రాసిపెట్టిన నోటు ఆయన చనిపోయాక 1949లో బయటికొచ్చింది. జడ్జీలు లోపాయకారీగా కుమ్మక్కయ్యారని అందులో ఉంది. దాన్ని పట్టుకుని 1962లో వెనెజ్వేలా ఆ తీర్పు చెల్లదంది. గయానా 2018లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 2023 డిసెంబరు 3న వెనెజ్వేలా తన దేశంలో దీనిమీద ప్రజాభిప్రాయ సేకరణ కూడా పెట్టింది. పదకొండు రోజుల తర్వాత ఇద్దరు అధ్యక్షులూ సెయింట్ విన్సెంట్ అనే దీవిలో కలిసి, బలప్రయోగానికి దిగబోమని ఉమ్మడి ప్రకటన చేశారు.

అక్కడ ఉంటున్నవాళ్ళు ఇంగ్లీషు, ఆదివాసీ భాషలు మాట్లాడే గయానా పౌరులు. వాళ్ళు ఏమనుకుంటున్నారన్నదే మొదట చూడాల్సిన సాక్ష్యమని నా అభిప్రాయం.

ప్రశ్న: చమురు దొరికింది కదా, ఇప్పుడు అందరూ ధనవంతులైపోయారా?

2015 మేలో ఎక్సాన్‌మొబిల్ లిజా అనే బావిలో చమురు దొరికిందని ప్రకటించింది, తీరానికి 190 కిలోమీటర్ల దూరంలో సముద్రం అడుగున. 2019 డిసెంబరులో తీయడం మొదలైంది, 2024కల్లా రోజుకి 6 లక్షల పీపాలు దాటింది. 2022లో ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలో 60 శాతం పైగా పెరిగింది, ప్రపంచంలో అదే రికార్డు ఆ ఏడాది.

ఒప్పందం సంగతి వేరు. 2016లో సంతకం చేసిన షరతుల ప్రకారం దేశానికి రాయల్టీ 2 శాతమే. వచ్చిన చమురులో 75 శాతం దాకా కంపెనీలు ఖర్చుల కింద పట్టుకోవచ్చు, మిగిలింది చెరిసగం. అంటే ఖర్చులు తీరేదాకా వందలో గయానా చేతికొచ్చేది పద్నాలుగున్నర. కొత్త దేశానికి రిస్కు తీసుకుని వచ్చాం కదా అని కంపెనీ వాదన, ఇది చాలా తక్కువ అని అక్కడి పత్రికలూ న్యాయవాదులూ ఏళ్ళుగా గొడవ. నాకు రెండోవాళ్ళ మాటే సబబుగా తోస్తుంది. రోడ్లు, వంతెనలు, ఆస్పత్రులు కడుతున్నారు, నిజమే. కానీ సరుకుల ధరలు, ఇళ్ళ అద్దెలు కూడా పెరిగాయి, మరోవైపు 2016, 17ల్లో మూసేసిన చక్కెర ఎస్టేట్లలో పని పోయిన వేలమందికి చమురు బావిలో ఉద్యోగం రాదు కదా.

ప్రశ్న: చూడదగ్గవి?

కైటూర్ జలపాతం. పొటారో నది ఒక్క ఊపున 226 మీటర్లు కిందికి దూకుతుంది. చుట్టూ అడవే, దేశంలో 85 శాతం అడవి మరి. చాలామంది జార్జ్‌టౌన్ నుంచి చిన్న విమానంలో వెళ్తారు. నీటి తెర వెనక గుహలో గూళ్ళు కట్టుకున్న పిట్టలు సాయంత్రం గుంపులుగా నీళ్ళ వెనక్కి దూరిపోతాయి. జార్జ్‌టౌన్‌లో అయితే చెక్కతో కట్టిన సెయింట్ జార్జ్ కేథడ్రల్, 43 మీటర్ల ఎత్తు. దక్షిణాన రుపునుని గడ్డిమైదానాలకి వారం రోజులైనా పెట్టుకోండి.

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు మద్రాసు నుంచి ఓడెక్కి డెమరారా వెళ్ళాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన వివరాలు దొరికే దారి ఉందా?

మీ ఉత్తరం చదివి చాలాసేపు అలా కూర్చున్నాను. దారి ఉంది. జార్జ్‌టౌన్‌లో వాల్టర్ రాడ్నీ పేరు మీదే ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఓడలవారీగా రిజిస్టర్లు, ఎమిగ్రేషన్ పాసులు ఉన్నాయి. కొన్ని పాడైపోయాయి, అన్నీ దొరకవు. ఓడ పేరు గానీ వెళ్ళిన సంవత్సరం గానీ తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది, అందుకే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఇంకోసారి అడగండి, ఏ కరువప్పుడో, ఎవరి పెళ్ళి తర్వాతో అన్నా చాలు. పేరు కోసం వెతికేటప్పుడు మీరు పలికే పేరు ఒక్కటే పెట్టుకోకండి, అది ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపించి ఉంటుందో నాలుగైదు రకాలుగా రాసుకుని వెళ్ళండి. పాసు దొరికితే దానిమీద మామూలుగా ఆయన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటిమీద గుర్తులు రాసి ఉంటాయి.